మా మరిది గీసిన ఆకుపచ్చ పట్టీ

మా మరిది మొన్న రంజాన్ నెలలో, షార్జా పక్కనున్న అల్ కుసైస్‌లోని తన ఇంట్లో, గుండె ఆగి పోయాడు. ఆ వార్త వెంట ఇంకొకటి కూడా మన తెలుగువాళ్ళ ఇళ్ళలో తిరుగుతున్నదని విన్నాను: దిక్కు పోయింది కనుక నేను ఫ్లాటు ఖాళీ చేసి అబూధాబీలో కొడుకు దగ్గరకు చేరుతున్నానని. మొదటిది నిజం. రెండవది కాదు. అతను ఏనాడూ నాకు దిక్కునని అనుకోలేదు. అతన్ని గురించి రాయాలనిపించింది అందుకే.

మా వారు పోయాక, షార్జాలో ఒంటరిగా ఉండి బడిలో రసాయన శాస్త్రం చెప్పుకుంటానన్నప్పుడు బంధువులందరూ వారించారు. అతను మాత్రం, "వదినగారూ, సిలిండరు తెచ్చేవాడి నంబరు ఉందా మీ దగ్గర?" అని అడిగి ఊరుకున్నాడు. శుక్రవారాలు భార్యతో భోజనానికి వచ్చేవాడు. ముందుగా ఫోన్ చేసి, రావచ్చునా అని అడగకుండా ఒక్కసారీ రాలేదు.

కెనడాలో చమురు తీయడానికి తారు ఇసుక భూములను లీజుకు తీసుకున్న ఒక కంపెనీకి డ్రాయింగులు తయారుచేసే ఆఫీసులో అతను ఇంజనీరు. ఒకసారి అక్కడికి వెళ్ళి వస్తూ ఆ ఇసుకను గాజు సీసాలో తెచ్చి ఇచ్చాడు. కిటికీలో పెట్టాను. జనవరిలో గడ్డకట్టి ఉండేది. జూన్ ఎండకు మెత్తబడి, నల్లగా గాజు వెంట జారేది.

ఇసుక పైపైన ఉన్నచోట మట్టి తొలగించి, తవ్వి తీసి, వేడినీళ్ళతో కడుగుతారట. బాగా లోతున ఉన్నచోట గొట్టంలోంచి ఆవిరి దించి, కరిగిన తారును దాని కిందనున్న మరో గొట్టంలోంచి తోడతారట. రెండిటికీ నడుమ ఒక పట్టీ మిగులుతుంది. తవ్వడానికి మరీ లోతు. ఆవిరి పట్టడానికి మరీ పైన.

"ఇడ్లీ పాత్రకు బరువైన మూత ఉంటేనే కదండీ ఆవిరి లోపల నిలిచేది? అక్కడ పైనున్న నేల పలుచని మూత. తన్నుకుని బయటికొస్తుంది," అన్నాడు.

చమురు ధర ఎగబాకుతున్న రోజులవి. ఆ పట్టీకి కూడా ఆవిరి గొట్టాలు గీయమన్నాడు వాళ్ళ ముదీర్, అదే మేనేజరు. అతను గీయలేదు. పట్టీ అంతటికీ ఆకుపచ్చ రంగు వేసి, "కదపరాదు" అని రాసి, సంతకం చేసి ఇచ్చాడు. ఉద్యోగం పోతే ఇంటిల్లిపాది వీసాలూ పోతాయి. ఆ శుక్రవారం మా తోడికోడలు నా దగ్గర పంచాయతీ పెట్టింది.

"మీరైనా చెప్పండక్కా! ఇంట్లో గోంగూర జాడీ అడుగు గోకి గోకి తినే మనిషి, అక్కడ అంత నూనె వదిలెయ్యమంటున్నాడు."

"జాడీ మనది. అందుకే గోకుతాను."

"రేపు ఖలాస్, పెట్టె సర్దుకోమంటే?"

"సర్దుకుందాం. ముందు పెరుగు వెయ్యి."

ఉన్నదని తెలిసీ వదిలెయ్యడం ఓటమి కాదా అని నేనడిగాను. "కాదు వదినగారూ. రెండు పద్ధతులూ సరిపడని చోట కదపకుండా ఉంచడం మూడో పద్ధతి. దానికీ డ్రాయింగు కావాలి, దానికీ ఒకరు సంతకం చెయ్యాలి," అన్నాడు.

ముదీర్ చాలాకాలం అతనితో మాట్లాడలేదు. చివరకు లీజు కంపెనీవాళ్ళే ఆ పట్టీని వదిలేశారు. ఉద్యోగం నిలిచింది, ప్రమోషన్ మాత్రం ఎన్నడూ రాలేదు. దాన్ని గురించి అతను మాట్లాడగా నేను వినలేదు.

కర్మలు ముగిశాక అబ్బాయి అబూధాబీ రమ్మన్నాడు. భర్త వీసా మీద ఉన్న తోడికోడలికి నెల్లూరు వెళ్ళక తప్పదు, తనతో వచ్చెయ్యమన్నది. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. అబూధాబీలో నేను మనవరాలిని ఆడించే మనిషిని, అది కాకుంటే నెల్లూరులో పదిమందీ పరామర్శించే ముసలమ్మను. రెండూ నాకు సరిపడవు. బడివాళ్ళు నా వీసాను ఈ ఏడూ పొడిగించారు.

అతను ఉండి ఉంటే సిలిండరు నంబరు ఒక్కటే అడిగేవాడు. ఉన్నది.

గడచిన ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఇదే ఫ్లాటుకు మరో ఏడాది అద్దె ఒప్పందం మీద సంతకం చేసి వచ్చాను. దుమ్ము పట్టిన సీసాను తుడిచి, కిటికీలో ఎండ తగిలే వైపునే మళ్ళీ పెట్టాను.