మందారానికి వేసిన వల

ఆ మందారం కొమ్మను మా అక్క ఇచ్ఛాపురం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. పసుపు రంగు ముద్ద మందారం. మా ఇసక నేలలో అది బతకదని వీధిలో అందరూ అన్నారు. తుపానుకు కూలిన కొబ్బరిచెట్టు మొదలు తవ్వించి, ఆ గోతిలో పేడా చెరువుమట్టీ పోయించి, పాత ఎర్రమందారం గుబురు పక్కన నాటాను. రెండో వేసవికి తొమ్మిది మొగ్గలు తొడిగింది.

కవిటి దగ్గర పల్లె మాది. నేను బడిలో పంతులమ్మను. నా భర్త నాకు మేనబావే, ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. కిడ్నీలు పాడయ్యాక బావ తోటకు వెళ్లడం మానేశాడు. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. ఆ రోజుల్లో బడికి సెలవు పెట్టి నేనూ వెళ్తాను. మిగతా రోజులు అరుగు మీద కూర్చుని ఆ మొక్కనే చూసేవాడు. "మొగ్గ ఇచ్చుకుందా ఏటే?" అని పొద్దున్నే అడిగేవాడు.

విచ్చుకోకముందే పిట్టలు పడ్డాయి. పిగిలిపిట్టలు. తల మీద నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. నేను బడికి వెళ్లి వచ్చేసరికి మొగ్గల్ని పొడిచి రేకులు చీల్చి కింద పడేసేవి. నల్ల రిబ్బన్లు కట్టాను. పాత సీడీలు వేలాడదీశాను. రెండు రోజులు జడిసి, మూడో రోజు ఆ సీడీ కట్టిన కొమ్మ మీదే వాలాయి. తొమ్మిదింటిలో నాలుగే మిగిలాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడను పాత వల ఒకటి తెచ్చిపెట్టమన్నాను.

ఆవిడ తెచ్చింది కానీ వెంటనే చేతికి ఇవ్వలేదు. "పంతులమ్మా, ఇది సన్నదారం వల. నీటిలో సేపకే అవుపడదు. పిట్టకేటి అవుపడతాది? సూసుకో మరి."

"అవుపడకపోతేనే మంచిదిలే," అన్నాను.

శుక్రవారం తెల్లవారుతూనే, పలాస ఆటో వచ్చేలోపల, ఆ వలను మొక్క మీద కప్పాను. వల పెద్దది. పక్కనున్న ఎర్రమందారం గుబురును కూడా కప్పేసి ఇంకా మిగిలింది. అంచులకు ఇటుకలు పెడుతుంటే గుబురులోంచి ఒక పిట్ట కీచుమంటూ నేలబారుగా నా కాళ్ల పక్కనుంచే ఎగిరిపోయింది. పీడ వదిలిందనుకున్నాను. అది ఆ గుబురులో ఎందుకుందో ఆలోచించనే లేదు. బయట ఆటో హారన్ కొడుతోంది.

తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డయాలసిస్ అయిన రోజు బావకు నడవడానికి కూడా ఓపిక ఉండదు. భుజం పట్టుకుని గేటు తీశాను. బావే ముందు చూశాడు.

"ఏటే అది? వలలో ఏటో ఏలాడతన్నాది."

ఎండుటాకు అనుకున్నాను. దగ్గరకు వెళ్లాను. పిగిలిపిట్ట. మెడ చుట్టూ దారం రెండు మెలికలు తిరిగి ఉంది. ఒక రెక్క విప్పుకున్నట్టే బిగుసుకుపోయింది. ముక్కులో పచ్చటి పురుగు ఇంకా అలాగే ఉంది. పిట్ట వలలో పడి చావడం ఒక ఎత్తు. ఆ పురుగు ఎవరి కోసం తెచ్చింది?

గుబురులోంచి సన్నటి చప్పుడు వినిపించింది. వల మీంచే కొమ్మలు విడదీసి చూశాను. అరచేతి పాటి గూడు. లోపల ఈకలు సరిగ్గా రాని పిల్లలు మూడు. రెండు నోళ్లు తెరిచాయి. మూడోది తెరవలేదు.

వంటింట్లోంచి కత్తెర తెచ్చాను కానీ ఆ సన్నదారం కత్తెరకు దొరకడం లేదు. ఒక మెలిక కోస్తే ఇంకో మెలిక బిగుస్తోంది. బావ గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"బావా, నువ్వు సెయ్యి కదపకు. పట్టీ ఊడిపోతే రగతం ఆగదు."

"ఈ సేత్తో కాదులే. ఆ సేత్తో కొమ్మ ఒంచుతాను, నువ్వు కొయ్యి."

పొద్దున్న సూదులు గుచ్చిన ఎడమచేతిని గుండెకు ఆనించుకుని, కుడిచేత్తో కొమ్మ వంచి పట్టుకున్నాడు. ఎండలో ఆయన ముఖమంతా చెమట. నన్ను తిడితే బాగుండుననిపించింది. కోస్తుంటే గోడ మీద ఇంకో పిగిలిపిట్ట గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. దాని ముక్కులోనూ ఏదో ఉంది. పొద్దుటినుంచి అలా ఎన్నిసార్లు వచ్చి, దారి లేక తిరిగి వెళ్లిందో.

వల పూర్తిగా తీసేశాక ఇంట్లోకి వెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నాం. అది రాలేదు. గోడ మీదకు వస్తుంది, మా గుమ్మం వైపు చూస్తుంది, పోతుంది. అన్నం తిందామని అనలేదు ఇద్దరమూ. చాలాసేపటికి ఒక్క ఉదుటున గుబురులోకి దూరింది. లోపల పిల్లలు అరిచాయి.

"ఎళ్లిందే," అన్నాడు బావ. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు చేపలావిడ వచ్చి, నేను చెప్పింది విని, బుట్ట కిందకు దింపేసింది. "సేపంటే మా కూడు పంతులమ్మా. పిల్లలకి మేత తెచ్చీదాన్ని..." అని ఆగిపోయింది. వల తిరిగి తీసుకోలేదు. ముక్కలు చేసి కాల్చేశాను.

ఆ ఒంటరి పిట్ట రెండు పిల్లల్నీ పెంచింది. వారం దాటాక ఒక ఉదయం గూడు ఖాళీగా ఉంది. ఇప్పుడు నేను పాత దోమతెర గుడ్డను చిన్న సంచుల్లా కుట్టి, పెద్ద మొగ్గలకు ఒక్కొక్కదానికీ తొడుగుతాను. తొడగనివి పిట్టలు పొడుచుకుంటాయి. పొడుచుకోనీ.

కానీ నన్ను ఎక్కువ కుదిపింది ఆ శుక్రవారం తరవాత వచ్చిన మంగళవారం. డయాలసిస్ వార్డులో బావ పక్క మంచం మీద సోంపేట వైపు రైతు ఒకాయన ఉండేవాడు. ఇద్దరికీ మాటలు బాగా కలిశాయి. బావ ఆయనకు ఈ సంగతంతా చెప్పాడు.

ఆయన నోరు తెరిచాడు. "అయ్యో, పిల్లల తల్లిని! వలేసిందెవులు బాబూ?"

"నానే," అన్నాడు బావ. "పువ్వుల మీద యావ. సూసుకోలేదు."

నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రైతు తల తిప్పేసుకున్నాడు, బావ పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

ఆటోలో అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నువ్వు అక్కడే కూకున్నావు. ఆడు నిన్ను అలా సూత్తే నానెలా సూడగలను?"

శుక్రవారం వెళ్లగానే నిజం చెప్పేద్దామనుకున్నాను. మూడు రోజులూ మాటలు కూర్చుకున్నాను. వార్డులోకి వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. నర్సును ఏమీ అడగలేదు. బావ కూడా అడగలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. వల వేసింది బావ కాదు. నేను.