పువ్వు రాకముందే

మైలవరంలో మాకు పాలు పోసే ఆవిడ, వాన వెలిసిందంటే దురద పెట్టకుండా చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని గేదెలు మేసే బీడులోకి వెళ్ళేది. వయ్యారిభామ కలుపును వేళ్ళతో సహా పీకేది. అది మేస్తే పాలు చేదెక్కుతాయి.

“మందు కొట్టించకూడదా?” అన్నాను ఓసారి.

“మందుకి డబ్బులెక్కడ పెట్టగలమండీ? నేల తడిగా ఉంటే చెయ్యి చాలు. పువ్వు రాకముందే పీకెయ్యాలంతే. పువ్వొస్తే గింజ రాలి బీడంతా మొలుస్తుంది.”

ఆవిడ పోయినప్పుడు సమాధుల దొడ్డికి వెళ్ళాను. పెట్టె మీద ఎవరో పెద్ద పూలదండ పెట్టారు. బంతిపూల మధ్య అందానికి గుచ్చిన తెల్లటి చిన్న పూలు వయ్యారిభామవే.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ భర్త ఏడవలేదు. జేబులోంచి కవరు తీసి చేతికి చుట్టుకుని, ఆ తెల్లపూలు ఒక్కొక్కటే ఏరసాగాడు.

“పక్కనే బీడండీ” అన్నాడు, ఎవరూ అడగకుండానే.