కోటయ్య గారి గొంతు, నలభై నిమిషాలు

2022 ఏప్రిల్. నూజివీడులో మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. బస్టాండుకు దగ్గర్లో నాకు కంప్యూటర్ సర్వీస్ షాపు ఉంది. అప్పటికి ఆ పనిలో నాకు పదిహేడేళ్ళు. కాయల వ్యాపారుల ప్రింటర్లూ కంప్యూటర్లూ సరిగ్గా ఆ నెలన్నరలోనే మొరాయిస్తాయి కాబట్టి, నాకు అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. అలాంటి ఒక ఉదయం దుర్గ తన తండ్రి చెయ్యి పట్టుకుని షాపుకు వచ్చింది.

దుర్గకు పుట్టుకతోనే చూపు లేదు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడి తోటలో కాపలా ఉండే కోటయ్య గారి ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటానంటే, రెండేళ్ళ ముందు ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి నేనే ఇచ్చాను. లినక్స్ అంటే యూనిక్స్ పద్ధతిలో నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అందులోనే ఉంటుంది. దుర్గ వేళ్ళు కీబోర్డు మీద నాకంటే వేగంగా నడిచేవి.

"నాన్నకి గొంతులో క్యాన్సర్ అంటక్కా," అంది. "సోమవారం విజయవాడలో చేరాలి. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తారంట. ఇక మాట రాదంట. ఈలోపు నాన్న గొంతు దాచుకోవాలి."

కోటయ్య గారు అప్పటికే బొంగురుపోయిన గొంతుతో నవ్వారు. "నాకేం కథలొచ్చమ్మా? చిలకల్నీ కోతుల్నీ తోలడానికి కేకలెయ్యడం తప్ప."

"అవే వెయ్యి నాన్నా. నాకవే కావాలి."

ఆ మాటకు అర్థం ఆమే చెప్పింది. చిన్నప్పుడు తనను తోటలో చెట్ల మధ్య వదిలేసి, ఆయన దూరంగా నిలబడి తనను పేరు పెట్టి పిలిచేవారట. ఆ పిలుపును బట్టి ఏ కొమ్మకూ తగలకుండా ఆయన దగ్గరికి నడిచి వెళ్ళేదట. నడక అలాగే నేర్చుకుందట.

నేను ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చాను. ఒక కీ నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది, ఇంకోటి నొక్కితే ఆగుతుంది. ఏ రోజు మాట్లాడినా అది పాత ఫైలు చివరనే చేరుతుంది. చూపు లేని మనిషికి ఇరవై ఫైళ్ళు వెతుక్కునే బాధ ఉండకూడదని అలా చేశాను. డిస్కు తొంభై ఆరు శాతం నిండి ఉందని అప్పుడే చూశాను. పాఠాల ఆడియోలతో నింపేసుకుంది. సీజన్ అయ్యాక పెద్ద డిస్కు వేద్దాంలే అనుకున్నాను.

ఇక్కడ కొంచెం వివరించాలి. లినక్స్ ఒక ఫైలును రాసేటప్పుడు వీలైనంత వరకు ఒకే చోట వరసగా పెట్టాలని చూస్తుంది, రేపు అది పెరిగితే పట్టడానికి పక్కన కాస్త జాగా కూడా వదులుతుంది. అందుకే లినక్స్‌లో ఫ్రాగ్మెంటేషన్, అంటే ఫైలు ముక్కలై డిస్కంతా చెదిరిపోవడం, పెద్దగా ఉండదని చెబుతారు. కానీ ఆ మాట డిస్కులో ఖాళీ ఉన్నంతవరకే. పది, పదిహేను శాతం ఫ్రీ స్పేస్ అయినా లేకపోతే దానికి వేరే దారి ఉండదు. ఎక్కడ చిన్న సందు దొరికితే అక్కడ ఒక ముక్క పెడుతుంది. రోజురోజుకూ పెరిగే ఫైలైతే మరీ ఎక్కువ ముక్కలవుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

ఐదు రోజులు తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకున్నారు. దాదాపు రెండు గంటల రికార్డింగ్. సోమవారం ఆసుపత్రిలో చేరారు. బుధవారం ఆపరేషన్ అయింది. ఆయనకు తోడుగా దుర్గ మేనత్త వెళ్ళింది.

గురువారం పదకొండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. నా ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. బయట కాయల లోడు లారీ హారన్ కొడుతోంది.

"అక్కా, స్పేస్ లేదంటోంది. పాత పాఠాలు తీసేశాను. అయినా స్పేస్ రావట్లేదు. మెషీన్ కూడా సరిగ్గా పలకట్లేదు."

"ఒకసారి రీస్టార్ట్ చెయ్యి దుర్గా," అన్నాను. రోజుకు పదిసార్లు అనే మాట.

ఐదు నిమిషాలకు మళ్ళీ చేసింది. "వచ్చిందక్కా, స్పేస్ వచ్చింది!" ఆ గొంతులో సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మూడోసారి ఫోన్ పన్నెండున్నరకు. ఈసారి మాటలు సరిగ్గా రాలేదు. "నాన్న ఫోల్డర్ లేదక్కా. పాఠాలు అక్కడే ఉన్నాయి."

జరిగింది ఇది. తండ్రి గొంతు వింటూ మధ్యలో ఆపింది, ప్లేయర్ మాత్రం మూయలేదు. ఒకటే కాపీ ఉందే, ఇంకోటి చేసి పెట్టుకుందాం అనుకుంది. స్పేస్ లేదంది మెషీన్. పాత పాఠాలు తీసేద్దామని చూస్తే, నిండిన డిస్కుతో స్క్రీన్ రీడర్ ఆగి ఆగి పలికింది. అది పలికిన పేరు ఒకటి, అప్పటికి కర్సర్ ఉన్న చోటు ఇంకొకటి. పాఠాలనుకుని నాన్న ఫోల్డర్‌నే చెరిపేసింది.

యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, లోపలి సరుకు వేరు. చెరిపితే పోయేది పేరు మాత్రమే. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలును ఇంకా తెరిచి ఉంచితే, అది మూసేవరకు సరుకు చెక్కుచెదరదు. ఆ జాగా కూడా ఖాళీ కాదు. చెరిపినా స్పేస్ రావట్లేదని దుర్గ చెప్పిందంటే, ఆ ఫైలు ప్లేయర్ చేతిలో నిక్షేపంగా ఉందని అర్థం. ఒక్క కమాండుతో మొత్తం బయటికి తీయవచ్చు. రీస్టార్ట్ చేస్తే ప్లేయర్ దాన్ని వదిలేస్తుంది. చెయ్యమన్నది నేను.

"స్విచ్ తీసెయ్. వైరు పీకెయ్. దేన్నీ ముట్టుకోకు," అని షాపు మూసి స్కూటీ మీద బయల్దేరాను. రెడ్డిగూడెం దాకా దారి పొడవునా కాయల ట్రాక్టర్లే. దుర్గ వాకిట్లో నేల మీద కూర్చుని ఉంది. డిస్కు ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని తెచ్చుకున్నాను.

ముందు ఆ డిస్కుకు అచ్చంగా ఒక నకలు తీశాను. తర్వాత ఆ నకల్లో ఖాళీ అని రాసి ఉన్న బ్లాకులు, అంటే డిస్కులోని చిన్న చిన్న గళ్ళు, ఒక్కొక్కటే వెతికాను. ఖాళీ అని ఉన్నంత మాత్రాన అందులో ఏమీ లేదని కాదు. కొత్తది వచ్చి కూర్చునేవరకు పాతది అక్కడే ఉంటుంది. కానీ స్పేస్ దొరకగానే, అన్నాళ్ళూ ఆగిపోయిన సిస్టమ్ అప్‌డేట్లు దిగడం మొదలైంది. గంటకు పైగా దిగాయి. కోటయ్య గారి మాటల మీదే దిగాయి.

నాలుగు రోజులు పట్టింది. ముప్పై ఒక్క ముక్కలు దొరికాయి. అన్నీ కలిపితే నలభై నిమిషాలు. ఏది ముందో ఏది వెనకో చెప్పే పట్టిక చెరిగిపోయింది.

ఆదివారం షాపు మూసి, దుర్గను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక్కో ముక్క వినిపిస్తే ఆమె చెప్పేది.

"ఇది రెండో రోజు. వెనక రేకుల మీద వాన పడతంది చూడు."

"...తొడిమ దగ్గర విరిస్తే సొన చిమ్ముద్ది, మొహం పక్కకి తిప్పుకోవాల..." అంటున్నారు కోటయ్య గారు ఒక ముక్కలో. ఇంకో దాంట్లో, "...మీ అమ్మ నీకంటే పొట్టి. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి..." అక్కడితో తెగిపోయింది.

ఆ ముక్కను దుర్గ మూడుసార్లు పెట్టించుకుంది. "దీని తర్వాత చాలా చెప్పాడక్కా," అంది.

వానా, తోటలో మోటారు చప్పుడూ లాంటి గుర్తులేవీ లేని ముక్కల్ని ఎలా పోల్చుకుంటుందా అని చూశాను. "గొంతును బట్టి," అంది. "మొదటి రోజు ఇంత జీర లేదు. ఇది నాలుగో రోజుది. ఇదిగో, ఇది ఐదో రోజుది. ఊపిరి తీసుకోడానికి ఆగుతున్నాడు." తండ్రి గొంతు రోజురోజుకూ ఎంత పోయిందో కొలుచుకుంటూ ఆ పిల్ల ముప్పై ఒక్క ముక్కలనూ వరసలో పెట్టింది.

చివరిది అయిపోయాక నా వైపు తిరిగింది. "పిలిచింది లేదా అక్కా? తోటలోంచి నన్ను పిలిచింది?"

"లేదు దుర్గా."

అప్పుడు చెప్పేశాను. రీస్టార్ట్ చెయ్యమనకుండా ఉంటే రెండు గంటలూ దొరికేవని, ఆ తప్పు తనది కాదు నాదని చెప్పాను. చేతులు కీబోర్డు మీద ఊరికే పెట్టి ఉంచింది.

"స్పేస్ వచ్చిందని ఎంత సంతోషపడ్డానో ఆ రోజు," అంది చివరికి. తర్వాత, "నాన్నకి చెప్పొద్దక్కా. అన్నీ ఉన్నాయనే అనుకోనీ."

నెల తర్వాత కోటయ్య గారు వచ్చారు. మెడ కింద ఊపిరి కోసం పెట్టిన రంధ్రానికి తెల్లటి పలచని గుడ్డ కట్టుకున్నారు. ఒక సంచి నిండా చిన్న రసం మామిడిపళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కంప్యూటర్ వైపు చూపించి, తన గొంతు ముట్టుకుని, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టారు. తన గొంతు కాపాడానని. దుర్గ పక్కనే నిలబడి ఉంది. నేను లేచి నిలబడి ఆ దండం తీసుకున్నాను. అంత బరువైన పని నా వృత్తిలో ఇంకోటి లేదు.

ఆయన ఇంకో ఏడాదిన్నర బతికారు. నిజం తెలియకుండానే పోయారు. దుర్గ ఇప్పుడు విస్సన్నపేటలో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తోంది. ఆ నలభై నిమిషాలు మూడు చోట్ల కాపీ చేసి ఇచ్చాను. ప్రతి ఏడాదీ అడిగి మరీ సరిచూస్తాను.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఫోన్‌లో మనిషి ఏదో పోయిందనో తీసేశాననో చెబితే ఏ సలహా ఇవ్వకండి. ఏం పోయింది, ఇంకా ఏమేం తెరిచి ఉన్నాయి అని రెండు ప్రశ్నలు అడగండి. జవాబు వచ్చేదాకా వాళ్ళను దేన్నీ ముట్టుకోనివ్వకండి. దుర్గ విషయం జరిగాక ఒకసారి ఇలాగే అడిగి, ఒక లెక్చరర్ గారి నాలుగేళ్ళ పరిశోధనను ఒక్క కమాండుతో పూర్తిగా తీసి ఇవ్వగలిగాను. ఆయన సంతోషంతో చేతులు పట్టుకున్నారు. ఆ ఫైలు తెర మీద నిండుగా, ఒక్క అక్షరం పోకుండా కనిపిస్తుంటే, నేను చూడలేక లేచి బయటికి వెళ్ళి నిలబడ్డాను.