ఎర్రగీత పడిన పేజీ

పొద్దున్నుంచి పక్క స్థలంలో బోరు బండి రాయిని తొలుస్తోంది. కిటికీలన్నీ మూసినా ఆ వాసన ఇంట్లోకి వచ్చేసింది. కాలిన ఇనుముకూ తడిసిన సిమెంటుకూ మధ్య ఎక్కడో ఉండే రాతిపొడి వాసన అది. నగర శివారున చందాపుర దగ్గరి మా లేఅవుటులో ఇది కొత్తేమీ కాదు. ఇక్కడ ప్రతి స్థలానికీ ఒక బోరు కావాలి, ప్రతి బోరుకూ ముందు ఎవరో ఒకరు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని స్థలమంతా నడవాలి. నిన్న సాయంత్రం ఇక్కడా ఒకాయన నడిచాడు. టెంకాయ చేతిలో లేచి నిలబడిన చోట కింద నీళ్లున్నాయని సున్నంతో గుర్తు పెట్టారు. ఆ స్థలం సొంతదారు ఎలక్ట్రానిక్ సిటీలో ఇంజినీరు. "మీరేమంటారు మేడం, వాటర్ పడుతుందా?" అని గోడ మీదుగా అడిగాడు. నేను లోపలికి వెళ్లి, నోటుపుస్తకం తీసి, సిరాపెన్నుతో ఒక వాక్యం రాసి, తారీఖు వేసి, బయటికొచ్చి అప్పుడు చెప్పాను: "నీళ్లు పడవండీ."

ముందు రాయడం, తర్వాత నోరు విప్పడం. ఈ అలవాటు నాకు రజియా మేడం చేశారు.

మూఢనమ్మకాల మీద నా వ్యాసాలు చదివేవాళ్లు నా కోపం ఏ పుస్తకాల్లోంచో వచ్చిందనుకుంటారు. కోపం నా సొంతం. దానికి పగ్గం వేసింది మాత్రం వర్తూరు వైపు ఒక చిన్న ప్రైవేటు హైస్కూల్లో భూమి, పర్యావరణ శాస్త్రం చెప్పిన ఆ టీచరు. నేను తొమ్మిదిలో ఉండగా ఆ కోర్సు కొత్తగా పెట్టారు. కంప్యూటరైనా తీసుకోవాలి, ఇదైనా తీసుకోవాలి. కంప్యూటర్ గదిలో కుర్చీలు నిండిపోయాక మిగిలిన పదకొండుమందిమి ఇందులో పడ్డాం. మిగతా బడి అంతా దాన్ని మట్టి క్లాసు అనేది. రజియా మేడం మదనపల్లె మనిషి. పొట్టిగా ఉండేవారు. చీర కొంగు నడుములో దోపుకుని, చెప్పులకు మట్టితోనే క్లాసుకు వచ్చేవారు. స్టాఫ్‌రూములో ఆ చెప్పుల మీద జోకులు నడిచేవని మాక్కూడా తెలుసు. ఆవిడకూ తెలుసు.

మొదటి వారం మా ఇళ్ల దగ్గరి మట్టిని సీసాల్లో తెమ్మన్నారు. సగం మట్టి, సగం నీళ్లు. ఊపి బల్ల మీద పెడితే ఇసుక కింద, బంకమన్ను పైన, పొరలు పొరలుగా తేరుకుంటుంది. ఊపబోతున్న మమ్మల్ని ఆపేశారు. "ఆగండప్పా. ఏ పొర ఎంత మందం వస్తాదో ముందు రాయండి. పెన్సిల్ కాదు, పెన్నుతో." రాశాం. మరునాటికి దాదాపు అందరి రాతా తప్పింది. కిరణ్ అని మా క్లాసు పిల్లాడు లేచి, "మేడం, కొట్టేసి కరెక్టుగా రాసుకోనా?" అన్నాడు. "కొట్టేస్తే నీ మార్కులు నేను కొట్టేస్తా. తప్పు రాసినందుకు ఒక్క మార్కు పోదు. దాని కింద ఎర్రగీత గీయి, పక్కన ఏం జరిగిందో రాయి, అంతే." కిరణ్ గొణిగాడు: "బుక్కంతా ఎర్రగా అయిపోతుంది మేడం." మేడం నవ్వారు. "అయితే బాగా చదువుతాండావని అర్థం."

మేం కూడా నవ్వేశాం. ఆ నియమం ఎంత పదునైనదో తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. మన దగ్గర జోస్యాలకు కొదవ లేదు. పంచాంగం చెప్పేవాడూ, చెయ్యి చూసేవాడూ, టీవీలో కూర్చుని లోకం ముందుకెలా పోతుందో చెప్పేవాడూ అందరూ చెబుతూనే ఉంటారు. చెప్పింది తప్పిందని ఒప్పుకున్న కాగితం ఒక్కటి చూపించమనండి. ఆ ఒక్కటే దొరకదు.

రెండో టర్ములో మాకు ఒక్కొక్కరికి ఒక్కో పేట పంచారు. ఎవరింట్లో బోరు ఎంత లోతు, నీళ్లు పడ్డాయా, ఎప్పుడు ఎండింది, ఇవి అడిగి పటం గీయాలి. నాకు మా పేటే వచ్చింది. ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. మా నాయన మునియప్ప నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం టెంకాయ. చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా పాయింటు చూసేది ఆయనే. దానికి డబ్బు పుచ్చుకునేవాడు కాదు. తల వంచి దండం పెడితే చాలు. "నాయనా, నువ్వు చూసినవాట్లో ఎన్ని పడినాయి?" అని అడిగాను. "ఎన్నేంది పాపా, అన్నీ. నా చేతిలో టెంకాయ లేసిందంటే కింద నీళ్లుండాయనే." "ఒకటి కూడా తప్పలేదా?" మా నాయన నన్ను జాలిగా చూశాడు. "తప్పితే నాకు తెలియకుండా పోతాదా?"

తెలియకుండానే పోయింది. ఎలా పోయిందో నాలుగో ఇంట్లో నాకు అర్థమైంది. అక్కడ లక్ష్మమ్మ అనే ముసలామె వాకిలి ఊడుస్తోంది. "నీళ్లా? దుమ్మొచ్చిందమ్మా, వట్టి దుమ్ము! మీ నాయన దేవుడట్లా మనిషి. మా ఇంటికే యోగం లేదు. ఈ సంగతి ఆయనకు చెప్పొద్దు తల్లీ, నొచ్చుకుంటాడు." ఏడో ఇంట్లోనూ అదే మాట, పదో ఇంట్లోనూ అదే మాట. నీళ్లు పడినవాళ్లు మిఠాయి పెట్టెతో మా ఇంటికి వచ్చేవారు. పడనివాళ్లు తమ అదృష్టాన్ని తిట్టుకుని ఇంట్లోనే ఉండిపోయేవారు. మా నాయన అబద్ధం చెప్పలేదు. ఆయన దగ్గరికి మిఠాయి పెట్టెలే వచ్చాయి, వాటినే లెక్కపెట్టుకున్నాడు. నా పేజీలో మాత్రం పడని ఇళ్లే ఎక్కువ.

పద్నాలుగేళ్ల పిల్లకు ఇంతకంటే పెద్ద ఆయుధం ఎవరిస్తారు? పుస్తకం తీసుకెళ్లి మేడం బల్ల మీద పెట్టాను. స్కూల్ డేకి మా నాయనను పిలిపించి, కళ్లకు గంతలు కట్టి, ఒకే స్థలంలో రెండుసార్లు నడిపిద్దామన్నాను. టెంకాయ రెండుసార్లూ ఒకే చోట లేవదని అందరూ చూస్తారన్నాను. మేడం పేజీ మొత్తం చదివారు. "పరీక్ష మంచిదే. నీకు నీళ్ల సంగతి తేలేది కావాల్నా, మీ నాయన ఓడిపోయేది కావాల్నా?" పుస్తకం మూసి నా వైపు జరిపారు. "ఈ పుస్తకం ముందు ఆయనకు చూపించు. ఆయనకు తెలియకుండా ఊరికి చూపిస్తే అది శాస్త్రం కాదు మంజులా, చాడీ." ఆ రోజు ఆవిడ మీద నాకు వచ్చినంత కోపం ఏ పూజారి మీదా రాలేదు. అయినా పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాను. కానీ చూపించలేదు. సంచిలో అడుగున పెట్టుకుని తిరిగాను. ఊరందరి ముందు నిలబెట్టడానికి ధైర్యం ఉంది కానీ, అన్నం తింటున్న మనిషి ఎదురుగా కూర్చుని చెప్పడానికి లేకపోయింది.

ఆ వేసవి ముందే బడి బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయాలని హెడ్‌మాస్టరు మా నాయనకే కబురు పెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బడి పిల్లలంతా చూస్తుండగా జెండా కర్ర పక్కన టెంకాయ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. రజియా మేడం ముందుకొచ్చి, "మునియప్పన్నా, మీ మాట ఈ పుస్తకంలో రాసుకుంటా. నా మాట కూడా రాస్తాండా, చూడండి" అన్నారు. ఆటస్థలం చివర పల్లపు మూలలో రాయి బాగా మెత్తబడి ఉంటుందనీ, అక్కడ మూడు వందల అడుగుల లోపల నీళ్లు పడతాయనీ రాశారు. జెండా కర్ర దగ్గర పడవని కూడా రాశారు. మా నాయన నవ్వాడు. "రాసుకోండి తల్లీ, దానికేముంది."

జెండా కర్ర దగ్గర దుమ్మే వచ్చింది. మా నాయన ముఖం మాడిపోయింది. "బండోడు అడుగు పక్కకు జరిపినాడు" అన్నాడు. తల ఊపినవాళ్లున్నారు. బండి ఎలాగూ లోపలే ఉందని పల్లపు మూలలో దించారు. నిజం చెబుతున్నాను, మా నాయన ఓడిపోయినందుకు ఏడుపు వస్తూనే ఉంది, మేడం గెలవాలనీ ఉంది. మూడు వందల అడుగులు దాటినా అక్కడా దుమ్మే. హెడ్‌మాస్టరు మర్యాదకు, "ఇంకో వంద అడుగులు పోయుంటే వచ్చేదేమో మేడం" అన్నారు. "మూడు వందల లోపలే అని రాసినాను సార్. తప్పినాను" అన్నారు మేడం. అక్కడే, అందరి ముందూ, పుస్తకాన్ని మోకాలి మీద ఆనించుకుని తన రాత కింద ఎర్రగీత గీశారు. ఎందుకు తప్పిందని ఆవిడ అనుకున్నారో పక్కన రెండు లైన్లు రాశారు. మా నాయన చెయ్యి చాచి ఆ పుస్తకం తీసుకున్నాడు. ఆ గీతను చాలాసేపు చూశాడు.

ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని వచ్చి, "ఇల్లిల్లూ తిరిగి రాసినావే, ఆ పుస్తకంలో నావి ఎన్నుండాయి? చదువు" అన్నాడు. ఇంటి తర్వాత ఇల్లు చదివాను. లక్ష్మమ్మ పేరు దగ్గర ఆపాడు. "ఆమె ఇంట్లో పడలేదా? నాకెవరూ చెప్పలేదే." "నువ్వెప్పుడూ పోయి అడగలేదు నాయనా." ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. మర్నాడు పొద్దున్నే లక్ష్మమ్మ ఇంటికి వెళ్లి, ఆ వట్టి బోరు గుంత పక్కన కూర్చుని వచ్చాడు.

జూన్‌లో మేడమే మా ఇంటికి వచ్చారు. "వాన పడితే బడిలో నీళ్లు యాడ నిలుస్తాయో, యాడికి పోతాయో మీకు తెలిసినంత నాకు తెలియదు మునియప్పన్నా. ఇంకుడు గుంతలు తవ్వాల, రండి" అన్నారు. మా మట్టి క్లాసు పదకొండుమందికీ మా నాయన మేస్త్రీ అయ్యాడు. మొదటి గుంత పూర్తయ్యాక నా పెన్ను అడిగి తీసుకుని, వంకర అక్షరాలతో రాశాడు: వాన పడితే ఇది నిండుతుంది, రెండు రోజుల్లో ఇంకుతుంది. నిండింది. ఇంకడానికి నాలుగు రోజులు పట్టింది. "ఏదీ ఆ ఎర్రపెన్ను?" అన్నాడు. గీత సరిగ్గా రావాలని స్కేలు కూడా అడిగాడు. కిరణ్ ఊరుకుంటాడా? "అంకుల్, మీ బుక్కు కూడా ఎర్రగా అయిపోతుంది!" "అవనీరా. బాగా చదువుతాండానని అర్థం."

ఆ తర్వాత పాయింటు చూడమని వచ్చినవాళ్లకు మా నాయన ముందు నా పటం చూపించేవాడు. "ఇది చూసి, అప్పుడు చెప్పప్పా, టెంకాయ తేవాల్నా వద్దా." చాలామంది టెంకాయను వదల్లేదు, పటం చూపించని ఇంకొకరి దగ్గరికి పోయారు. ఆయన బాధపడలేదు. గుంతలు తవ్వడానికి పిలిచినవాళ్ల దగ్గరికి పోయాడు. రజియా మేడం రిటైరై మదనపల్లె వెళ్లిపోయారు. నా మొదటి వ్యాసం అచ్చయినప్పుడు పంపితే, ఒక వాక్యం కింద ఎర్రగీత గీసి తిప్పి పంపారు. చూసుకుంటే అది నిజంగానే తప్పు.

ఇది రాస్తుండగానే పక్క స్థలంలో మోత మారింది. గరగర తగ్గి బుసబుస మొదలైంది. బయటికి వెళ్లేసరికి బూడిద రంగు నీళ్లు గోడ ఎత్తున ఎగజిమ్ముతున్నాయి. ఇంజినీరు తడిసి ముద్దై, "పడ్డాయి మేడం! మీరు నో అన్నారు కదా!" అని అరుస్తున్నాడు. లోపలికి వచ్చి నిన్నటి పేజీ తీసి, 'పడవు' అన్న నా రాత కింద స్కేలు పెట్టి ఎర్రగీత గీశాను. పక్కన 'పడ్డాయి' అని రాశాను. ఒక్క బోరు పడినంత మాత్రాన టెంకాయకు చూపు వచ్చినట్టు కాదు. ఆ మాట అనడానికి నాకిప్పుడు హక్కుంది, ఎందుకంటే నా తప్పు ముందు నేను రాసుకున్నాను.

పేజీ తీసుకెళ్లి ఇంజినీరుకు చూపించాను. "నేను తప్పాను. ఇక ఆ పాయింటు చూసినాయన నంబరు ఇవ్వండి" అన్నాను.

"థాంక్స్ చెప్తారా మేడం?"

"చెప్తాను. ఒక నోటుపుస్తకం కూడా కొనిస్తాను. ఆయన చూసిన మిగతా ఇళ్లన్నిటికీ ఆయనా నేనూ కలిసి వెళ్లాలి."