కప్పు ఊపని రోజు

ఒమాన్‌లో ఖహ్వా, అదే కాఫీ, పోసేవాళ్లకు చాలని నోటితో చెప్పరు. చేతిలోని చిన్న కప్పును అటూ ఇటూ ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఇక్కడి రుస్తాఖ్ ఊరికి వచ్చిన కొత్తలో ఆ సంగతి తెలియక, కాదంటే ఏమనుకుంటారో అని ఒకరింట్లో కడుపు ఉబ్బేదాకా తాగినదాన్ని నేను.

అందుకే ఆ పెద్దావిడ గంజి గిన్నె చూసి ఖాళీ చెయ్యి ఊపితే నాకు అర్థమయ్యేది. రెండు చెంచాలైనా లోపలికి వెళ్లకుండానే చాలు. ఆమెను కూతురింట్లో ఉండి చూసుకునే నర్సును నేను. వార్డులో ఎంతమంది మొండివాళ్లచేత తినిపించానో గానీ, ఈవిడ దగ్గర నా పప్పులు ఉడకలేదు. "మామా, ఒక్క చెంచా" అని, ఇక్కడ అమ్మను పిలిచినట్టే పిలిచి, వచ్చీరాని అరబ్బీలో బతిమాలాను, కసిరాను, పక్కకెళ్లి ప్రార్థన చేసుకున్నాను. ఆవిడది ఒకటే మాట.

"నన్ను ఇంటికి తీసుకెళ్లు."

ఇల్లంటే ఆవిడ పుట్టిన కోట. వాళ్ల నాన్న చుట్టుపక్కల ఊళ్లకు షేక్, అంటే పెద్ద. మట్టి గోడలు, ఒక బురుజు, పైకప్పుకు ఖర్జూరపు దూలాలు. అన్నదమ్ములు మస్కట్ వెళ్లిపోయాక కొన్నేళ్లు పాడుపడింది. తర్వాత బాగుచేసి అందులో ఊరి ఆఫీసు పెట్టారు. ఇప్పుడక్కడ ఏసీలు, కౌంటర్లు, టోకెన్లు. అలా చూస్తే అమ్మ గుండె ఆగిపోతుందని కూతురి భయం. చూడకపోతే ఈవిడ ఇక తినదని నా భయం. చివరికి కూతురితో కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆమె ఏడ్చి, సరేనంది.

మా డ్రైవర్‌ది జగిత్యాల వైపు. కోట ముందు కారు ఆపి వీల్‌చైర్ దించాడు. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, నా భుజం పట్టుకుని లేచి, గడప ముందు చెప్పులు విడిచింది.

"అక్కా, గిది ఆఫీసు. ఈడ చెప్పులెవలు ఇడుస్తరు?" అన్నాడు అతను.

"నోరు మూసుకుని నువ్వూ విప్పు తమ్ముడూ."

లోపల జనం టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ అందరికీ సలాం చెప్పి, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఆగిపోయింది. పడిపోతే పట్టుకుందామని నేను వెనకే నిలబడ్డాను.

"మా నాన్న ఇక్కడే కూర్చునేవాడు. నీళ్ల వంతుల గొడవలు, తోటల హద్దులు, అన్నీ ఇక్కడికే వచ్చేవి."

"ఇప్పుడూ అవే వస్తున్నాయమ్మా" అని నవ్వాడు బల్ల వెనకున్న గుమస్తా.

ఆవిడ నవ్వలేదు. "మరి వీళ్లకు ఖహ్వా ఏది? ఖహ్వా ఇవ్వకుండా ఎందుకొచ్చావని అడుగుతారా మా ఇంట్లో?"

ఆమె మనవడి వయసుంటుంది అతనికి. ఇంకొకడైతే ఎదురేదో అనేవాడు. అతను లేచి తన కుర్చీ ఆవిడకిచ్చాడు. లోపలికి వెళ్లి కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాలు తెచ్చాడు. ముందు ఆవిడకే పోయబోతే, వాళ్లకి పొయ్యమని కళ్లతోనే గదిమింది. పని ఆగింది. ఒక్కరూ విసుక్కోలేదు. అందరూ తాగాక ఆవిడ వంతు వచ్చింది.

తాగింది. కప్పు ముందుకు చాపింది. వయసు మీద పడ్డ చెయ్యి కదా, కప్పు కదిలింది. గుమస్తా చాలనుకుని ఫ్లాస్కు వెనక్కి తీసుకున్నాడు.

"అది వణుకు, పొయ్యండి!" అని అరిచాను. ఆఫీసంతా నావైపు చూసింది. చూడనీ. ఆవిడ చెయ్యి ఊపడం ఎలా ఉంటుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

అతను మళ్లీ పోశాడు. తాగి, మళ్లీ చాపింది. మధ్యలో ఒక ఖర్జూరం, ఆ తర్వాత ఇంకొకటి. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఎంత సంతోషమో చెప్పలేను. చాలాసేపటికి ఆవిడ కప్పును గట్టిగా ఊపి అతని చేతిలో పెట్టింది.

"ఇల్లు బాగా చూసుకో" అని అతనితో చెప్పి, గడప దాటి, నేను చెప్పులు తొడుగుతుంటే నా తల మీద చెయ్యి వేసింది.

"పద, మా అమ్మాయి ఇంటికి పోదాం. ఆకలేస్తోంది."