వైడ్ లెన్స్‌లో పెళ్ళికొడుకు

మొన్న బాపట్లలో నా పెళ్ళిచూపులు ఏమయ్యాయో చెబుతాను, టీ తాగుతూ వినండి. సంబంధం కుదిరింది. ఎలా కుదిరిందో చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

తెనాలిలో నా ఫోటో స్టూడియో సంగతి మీకు తెలిసిందే. ఎందరో పెళ్ళీడు ఆడపిల్లలకి నేను ఫోటోలు తీశాను, వాళ్ళకి సంబంధాలు కుదిరాయి. నాకే కుదరలేదు. బాపట్ల వాళ్ళు అబ్బాయి ఫోటో పంపమన్నారు. మా ఎదురుగానే ఇంకో స్టూడియో ఉంది. కానీ నేను వెళ్ళి ఆ స్టూడియో ఆయన ముందు కూర్చుంటే ఊళ్ళో నా పరువేం కావాలి? నా ఫోటో నేనే తీసుకుంటానన్నాను.

గ్రూపు ఫోటోల కోసం ఆమధ్యే మద్రాసు నుంచి వైడ్ లెన్స్ తెప్పించాను. ఉన్నచోటి నుంచే గది మొత్తం పట్టేస్తుంది. అదే బిగించాను. వెనక రంగుల తెర, అటూ ఇటూ పెద్ద లైట్లు, అన్నీ పడాలి కదా. మనం ఏపాటివాళ్ళమో పిల్ల తరఫువాళ్ళకి తెలియాలి. తీరా చూస్తే గదంతా పడుతోంది గానీ నేను మరీ చిన్నగా ఉన్నాను. సరే అని స్టూలు కెమెరాకి మూరెడు దూరంలోకి లాక్కుని, టైమర్ నొక్కి నవ్వాను.

ప్రింటు వేశాక నేను తెరనీ లైట్లనీ చూసి మురిసిపోయాను. అమ్మ మాత్రం మొహం చూసింది.

"ఏంట్రా ఇది? ముక్కు ముందుకొచ్చేసి, చెవులు వెనక్కి పోయాయి?"

"కొత్త లెన్స్ అమ్మా, నీకు అలవాటు లేదు" అని కవర్లో పెట్టి పోస్టు చేసేశాను.

పోస్టు చేశాక, ఆ లెన్స్‌కి మరీ దగ్గరగా కూర్చుంటే మొహం సాగిపోతుందేమోనని అనుమానం పట్టుకుంది. పాత పొడుగు లెన్స్ బిగించి, కెమెరాకి దూరంగా స్టూలు జరిపి ఇంకోటి తీశాను. ఈసారి అచ్చం నాలాగే వచ్చాను. దాన్ని జేబులో పెట్టుకుని బాపట్ల రైలెక్కాను.

అక్కడ పిల్ల నాయనమ్మగారు చేతిలో నేను పంపిన ఫోటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోటో చూశారు.

"పెళ్ళికొడుకు మీ అన్నయ్యా నాయనా? ఆయన రాలేదా?"

"నేనేనండి."

గబగబా జేబులో ఫోటో తీసిచ్చాను. పిల్ల తండ్రిగారు రెండూ పక్కపక్కన పెట్టి, "వీటిలో ఏది నిజమండి?" అనడిగారు. సంబంధంతో పాటు స్టూడియో పేరు కూడా పోయేలా ఉంది. ఇక దాచి లాభం లేదని, ఎదురు స్టూడియోకి వెళ్ళకపోవడం దగ్గర్నుంచి స్టూలు లాక్కోవడం దాకా అంతా చెప్పేశాను.

తలుపు పక్కన పిల్ల కిసుక్కున నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ ఫోటో చూసి, పోన్లే సర్దుకుందామనుకున్నానండి. మనిషి చాలా నయం" అంది నాతో. తరవాత తండ్రి వైపు తిరిగింది. "నాకిష్టమే నాన్నా. పెళ్ళి ఫోటోలు మాత్రం ఆ ఎదురు స్టూడియో ఆయన చేతే తీయించండి."

టీలు అయ్యాయా? అయితే మీలో ఒకరు నాకు తోడు రండి. ఆయన్ని పెళ్ళికి పిలవాలి, కెమెరాతో సహా.