ఎనిమిదో గదికి పదో రేటింగు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా అమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. మేమున్న క్వార్టర్సుకూ శవాల గదికీ మధ్య ఒక పిట్టగోడ, రెండు వేపచెట్లు. ఆ పిట్టగోడ మీద కూర్చునే పరీక్షలకు చదువుకున్నాను. దయ్యాలే ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కటైనా వచ్చి గుక్కెడు మంచినీళ్ళు అడిగి ఉండేది కదా.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే వీడికి గాలి సోకిందంటారని. ఇప్పుడు రాయడానికి కారణం వేరే. ఇందులో ఒక మనిషికి నేను అన్యాయం చేశాను. దయ్యం మాట ఎలా ఉన్నా, నాకు నిద్ర పట్టకుండా చేసింది అదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కుప్పంలో ఇంజనీరింగ్ చదివాను. హాస్టల్లో నా గదిలో ఉండేవాడు రెడ్డెప్ప. పుంగనూరు పక్క పల్లె, ఇంట్లో పాడి. ఉన్న మాటకు నాలుగు మాటలు చేర్చి చెప్పడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. మెస్సులో సాంబారు ఒలికిందన్నా వాడు చెబితే అరగంట వినాలి.

సీనియర్ ఒకాయన బెంగళూరు నుంచి ఒక ఆట పుస్తకం జిరాక్సు తెచ్చాడు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. తలుపు తీస్తావా, పారిపోతావా అంటే చెప్పాలి. అనుకున్న పని జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడితే జరిగినట్టు. కుప్పంలో ఇరవై ముఖాల పాచిక ఎక్కడ దొరుకుతుంది? ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి తీసేవాళ్ళం.

ఈ ఆటకోసం ఒక విదేశీ వెబ్‌సైటు ఉండేది. ఎవరైనా తాము అల్లిన కథను, గదుల పటాలతో సహా, అందులో పెట్టొచ్చు. దాన్ని తీసుకుని ఆడినవాళ్ళు ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు వేస్తారు. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు నచ్చితే తోచినంత డబ్బు కూడా ఇవ్వొచ్చు. పదిమంది రేటింగు ఇచ్చి, సగటు నాలుగు దాటితే ఆ కథకు మనం ధర పెట్టుకోవచ్చు. వచ్చిన డబ్బు చేతికి రాదు, దానితో ఆ సైటులోనే వేరేవాళ్ళ కథలు కొనుక్కోవాలి. కార్డు మొహం చూడని మాలాంటివాళ్ళకు మంచి కథలు దొరకాలంటే అదొక్కటే దారి.

ఆ సైటుకు ఒక గట్టి నియమం ఉండేది. ఆడకుండా నక్షత్రాలు వేయకూడదు. ఎంతమంది కూర్చున్నారు, ఏ గదిలో ఏం జరిగింది, రాసి మరీ వేయాలి. స్నేహితుడి కోసం దొంగ రేటింగు వేసినట్టు తేలితే ఖాతా మూసేస్తారు.

రెడ్డెప్ప అప్పటికే నాలుగు కథలు పెట్టాడు. తెలుగు మీడియం వాడు, పక్కన డిక్షనరీ పెట్టుకుని, పుంగనూరు నెట్ సెంటర్లో ఒంటి వేలితో టైపు చేసేవాడు. ఉప్పు బస్తాలు మోసే ఎద్దుల గుంపు కథ ఒకటుండేది, దాన్ని ఎక్కడెక్కడివాళ్ళో ఆడి మెచ్చుకున్నారు. ఇంకో కాపీ పెట్టుకోరా అంటే, “ఆడ భద్రంగా ఉండాది గదప్పా, మళ్ళా కాపీ యాల?” అనేవాడు.

నా కథ పేరు ‘కొండమీది ఆసుపత్రి’. మూతపడిన ఒక ఆసుపత్రి, వరుసగా గదులు, గదికో చిక్కు. మొదట రాసినప్పుడు ఎనిమిది గదులుండేవి. ఎనిమిదో గదిలో ఇనుప మంచం మీద ఒక ముసలమ్మ. పలకదు, ఉలకదు. కొంగుకున్న ముడి విప్పి, అందులోని తాళంచెవి ఆటగాళ్ళకు ఇస్తుంది. అంతే. ఆమె నా ఊహే అనుకున్నాను.

సెలవులకు ఇంటికొచ్చి రాసుకుంటుంటే అమ్మ నా వెనక నిలబడి ఆ పేజీ చదివింది. చదివి, ఏమీ అనకుండా ఆ కాగితం చించి నీళ్ళపొయ్యిలో పెట్టింది. నేను నిర్ఘాంతపోయాను. నా పుస్తకాల జోలికి కూడా ఎప్పుడూ రాని మనిషి.

“ఆ గది వద్దులే నాయనా,” అని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఎందుకని రెండుసార్లు అడిగినా చెప్పలేదు.

కుప్పం తిరిగి వెళ్ళేటప్పుడు రెడ్డెప్ప పుంగనూరులో బస్సెక్కాడు. వి.కోట వచ్చేదాకా వాడికి ఆ ఎనిమిదో గది సంగతే చెప్పాను. ముసలమ్మ, మంచం, కొంగుముడి, తాళంచెవి, అమ్మ కాగితం కాల్చేయడం. ఇంకెవరికీ చెప్పలేదు. సైటులో ఏడు గదులే పెట్టాను.

నెలలు గడిచేకొద్దీ తొమ్మిది రేటింగులు వచ్చాయి. సగటు నాలుగు మీదే ఉంది. ఇంకొక్కటి వస్తే చాలు. రోజూ కాలేజీ ల్యాబులో అదే చూసేవాణ్ణి. కొత్త పెళ్ళికొడుకు కూడా అత్తారింటి ఉత్తరం కోసం అంత ఎదురుచూసి ఉండడు.

ఒక సోమవారం పొద్దున పదోది కనపడింది. ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. అయిదు నక్షత్రాలు, ఒక డాలరు, వేసినవాళ్ళ పేరు లేదు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. వాటి అర్థం ఇది.

‘నలుగురం ఆడాం. అన్నిటికంటే ఎనిమిదో గది మమ్మల్ని కదిలించింది. ముసలామె కొంగుముడిలో చింతగింజలు, ఎవరూ రాని ఆదివారానికి ఒకటి చొప్పున. లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ “మావాళ్ళు వచ్చారా” అని అడుగుతుంది. ఏం చెప్పాలో మాకు తోచలేదు. రచయితగారూ, జవాబేమిటి?’

మూడుసార్లు చదివాను. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. సైటులో ఎనిమిదో గదే లేదు. చింతగింజలు, ఆ ప్రశ్న, నేను ఎక్కడా రాయలేదు. ఎనిమిదో గది తెలిసిన మనిషి రెడ్డెప్ప ఒక్కడే, ఆ ఆదివారం వాడు ఇంటికి పోయి వచ్చాడు. ఉన్నదానికి నాలుగు చేర్చడం వాడి అలవాటే. ఒకటీ ఒకటీ కలిపితే రెండు అనుకున్నాను.

అడిగితే రెడ్డెప్ప తెల్లబోయాడు. “నేను రాయలేదప్పా. నీ మీద ఒట్టు. డాలరంటుండావే, నాకు కార్డు యాడిది?”

“బెంగళూరులో మీ మామకు ఉందిగా,” అన్నాను.

వాడు నా మొహం చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను అక్కడితో ఊరుకోవలసింది. కానీ దొంగ రేటింగని ఎవరైనా పట్టుకుంటే నా ఖాతా పోతుందేమోనని దిగులు పట్టుకుంది. నా అంతట నేనే సైటువాళ్ళకు మెయిలు రాశాను. ఈ పదోది నా స్నేహితుడి పనని అనుమానం, వాడి ఖాతా ఇది, చూడండి అని. మూడో రోజు జవాబొచ్చింది. ఆ రేటింగు వచ్చింది, అదే గంటలో రెడ్డెప్ప ఖాతా తెరిచింది, రెండూ ఒకే నెట్ సెంటర్ కనెక్షన్ నుంచేనట.

అయినా కళ్ళతో చూడాలని పుంగనూరు వెళ్ళాను. నెట్ సెంటర్లో వచ్చినవాళ్ళ పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము రిజిస్టరులో రాసి సంతకం పెట్టించుకునేవాళ్ళు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ గంటలో ఒక్కటే పేరుంది. రెడ్డెప్పది. వాడి వంకర సంతకం నాకు బాగా తెలుసు.

సైటువాళ్ళు పదో రేటింగు తీసేశారు. నియమం ప్రకారం రెడ్డెప్ప ఖాతా మూసేశారు. దానితోపాటు వాడి నాలుగు కథలూ పోయాయి.

ఆ సాయంత్రం వాడు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. “నాలుగూ పోయినాయి దానం,” అన్నాడు. మా నాన్న నాకు పెట్టిన దేవదానం అనే పేరును వాడొక్కడే అలా పిలిచేవాడు. మర్నాడు పెట్టె సర్దుకుని వేరే గదికి మారిపోయాడు. చదువు అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. మళ్ళీ కథ రాయనూ లేదు. నేనూ మానేశాను.

కొన్నేళ్ళకు అమ్మ రిటైరైంది. క్వార్టర్సు ఖాళీ చేస్తూ నా పాత పుస్తకాలు సర్దుతుంటే అప్పుడు ల్యాబులో తీసి దాచిన ఆ రేటింగు ప్రింటు కింద పడింది. అమ్మ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. చదివి, ఒక లైను కింద వేలు పెట్టింది.

“ఈ చింతగింజల మాట నీకెవురు చెప్పినార్రా?”

నాకు తెలియదన్నాను. అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందు, ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, వార్డు చివరి గదిలో ఒక ముసలామె ఉండేది. చేర్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆదివారం బంధువుల్ని లోపలికి పంపే గంట అయిపోగానే ఒక చింతగింజ కొంగులో ముడేసుకునేది.

“మావోళ్ళు వచ్చినారా సిస్టరమ్మా అని అడిగేది. వస్తాండారమ్మా అని చెప్తాంటిని. పోయేరోజు గూడా అదే చెప్తిని. అబద్ధం గదరా అది. అందుకే ఎవురికీ చెప్పలేదు. నీ కాగితంలో ఇనుప మంచం, కొంగుముడి సూస్తానే నాకు గుండె జారిపోయింది.”

మంచమూ ముడీ నా చిన్నప్పుడు ఎవరో అనగా విన్నవే అయ్యుండొచ్చు, సరే. కానీ చింతగింజలు? ఆ ప్రశ్న? నాకే తెలియనిది నేను రెడ్డెప్పకు ఎలా చెబుతాను? వాడికి తెలిసే దారే లేదు. మరి రిజిస్టరులో ఆ సంతకం? ఆ కనెక్షన్? ఒక్కటి మాత్రం తెలిసింది. నేను రుజువులన్నీ పోగుచేశాను కానీ స్నేహితుడి మాట ఒక్కటీ లెక్కలోకి తీసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే పుంగనూరు బస్సెక్కాను. రెడ్డెప్ప ఊరి చివర పాలకేంద్రం నడుపుతున్నాడు. మధ్యాహ్నం మూడు దాటింది, సాయంత్రం పాలకు ఇంకా టైముంది. క్యాన్లు కడిగి ఎండలో బోర్లిస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు.

“వచ్చినావా,” అన్నాడు.

అంత దూరం బస్సులో వల్లించుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాటకు పోయాయి. ప్రింటు చేతికిచ్చి, అమ్మ చెప్పిందంతా చెప్పాను. తప్పయిపోయింది రెడ్డెప్పా అన్నాను. ఆ లైన్లు వాడు చూడటం అదే మొదటిసారి. నేను అప్పుడు చూపించను కూడా లేదు.

నెమ్మదిగా చదివాడు. తర్వాత ఆ ఆదివారం సంగతి చెప్పాడు. నెట్ సెంటర్‌కు పోయిన మాట నిజమే. నా పదో రేటింగు తనే వేద్దామని పోయాడట.

“నీ కథ తెరిచి పెట్టుకున్నా. అయిదు నక్షత్రాలు వేద్దామనే అనుకుంటి. కానీ మనం ఆ కథ ఆడనేలేదు గదా? పరీక్షలని ఆపేస్తిమి. ఆడకుండా ఎట్ల వేసేదని మూసేసి వచ్చేస్తిని. నా పక్కన ఎవురూ లేరప్పా. సెంటరంతా నేనొక్కణ్ణే.”

ప్రింటు మడిచి నా చేతికిచ్చాడు. అప్పుడు వాడే లోపలికి వెళ్ళి పాత రసీదు వెనక అంకెలు వేసి, చింపి, పాలు కొలిచే గ్లాసులో వేసుకొచ్చాడు. ఇప్పుడు ఆడదాం రా అన్నాడు.

బోర్లించిన క్యాన్ల పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాం. కథ వాడు నడిపాడు. ఇన్నేళ్ళైనా నా ఏడు గదులూ వాడికి వరుసగా గుర్తున్నాయి. నేను రెండుసార్లు చిన్న అంకె చీటీ తీసి కథలో కాలు విరగ్గొట్టుకున్నాను. ఆఖరుకు కుంటుకుంటూ ఎనిమిదో గది తలుపు తీశాను. రెడ్డెప్ప గొంతు తగ్గించి, ఏ నాటకమూ లేకుండా అడిగాడు.

“మావోళ్ళు వచ్చినారా?”

వస్తాండారు అని అమ్మ చెప్పిన జవాబు నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను.

“వచ్చినామమ్మా,” అన్నాను. “ఆలస్యమైపోయింది.”

ఆ గదిలో ఏమీ జరగలేదు. చీటీ కూడా తీయలేదు. రెడ్డెప్ప గ్లాసు పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాడు. ఇంతలో మొదటి పాల డబ్బా సైకిలు మీద వచ్చింది, లేచాడు. “ఇప్పుడు వేయొచ్చు నక్షత్రాలు. ఆడినాము గదా,” అన్నాడు వెళ్తూ.

మర్నాడు ఇద్దరం కలిసి నెట్ సెంటర్‌కు పోయి చూశాం. ఆ వెబ్‌సైటు లేదు, ఎప్పుడో మూసేశారట. జవాబు రాయడానికి చోటే లేకుండా పోయింది.

ఆ ఆదివారం ఆ గంటలో ఆ నాలుగు లైన్లు ఎవరు రాశారో, కార్డు ఎవరిదో, ఆడిన నలుగురెవరో నాకిప్పటికీ అంతుబట్టలేదు. రిజిస్టరు కళ్ళారా చూశాను, రెడ్డెప్ప మాట చెవులారా విన్నాను. రెండూ నిజమయ్యే దారి లేదు. నాకు మాత్రం రెండూ నిజమే. వాణ్ణి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.